వార్డు అంటే ఎన్ని కాపలాలో!

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. ఇక్కడ అందరూ కులాసా. వానలు పడుతున్నాయి, అమ్మ మోకాళ్ళు కాస్త నయం. మిగతావి తర్వాత. నువ్వడిగిన ‘వార్డు’ సంగతి చెప్పేదాకా నాకు ఊపిరాడేలా లేదు.

చంటిదాని బడి కాగితంలో ‘మీ వార్డు’ అని రాశారన్నావు కదా. ఆ వార్డు మన చంటిదే! కాపలా కాయడమూ వార్డే, ఆ కాపలాలో ఉన్న పిల్లా వార్డే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పేరులోనే ఇద్దరూ ఉన్నారు చూడు: సాకేవాడు గార్డియన్, సాకబడే మైనరు వార్డు. జమీందారు చిన్నపిల్లాడైతే ఎస్టేటును సర్కారు తరఫున నడిపిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కూడా ఈ కోవదే. ఆసుపత్రి వార్డు, మునిసిపాలిటీ వార్డు అంటావా, ఒకరి కనుసన్నల్లో ఉండే భాగం అన్నమాట. హాస్టల్ వార్డెన్, జైలు వార్డర్ సంగతి నీకు చెప్పాలా, మేడ మెట్ల రాత్రి మర్చిపోయావా?

అసలు గార్డు, వార్డు ఒకే తల్లి పిల్లలురా. ఇంగ్లీషు, జర్మన్ల పూర్వీకురాలైన పాత జర్మానిక్ భాష మాటొకటి ఫ్రెంచిలోకి వెళ్ళి ‘వ’ పోగొట్టుకుని ‘గ’ తెచ్చుకుంది. ఉత్తర ఫ్రాన్సు నార్మన్లు మాత్రం ‘వ’ వదల్లేదు. ఇంగ్లీషు రెంటినీ ఉంచుకుంది. అందుకే గార్డియన్‌కు వార్డెన్, గ్యారంటీకి వారంటీ జంట. మిక్సీ కొట్లో నువ్వు గంటసేపు నిలదీసింది ఈ అక్కచెల్లెళ్ళ గురించే!

ఇప్పుడు అసలు సంగతి. మీ తాతగారి ట్రంకు పెట్టె తాళంలో కూడా వార్డులున్నాయి. నిజం. రంధ్రంలోకి టార్చి వేసి చూడు, లోపల కదలకుండా నిలబడ్డ సన్నటి ఇనుప గట్లు కనిపిస్తాయి. వాటినే వార్డులంటారు. పరాయి తాళంచెవి తిరగబోతే అడ్డుకోవడమే వాటి పని. సొంత చెవికి సరిగ్గా ఆ గట్లున్న చోట కోసిన గాళ్ళు ఉంటాయి కాబట్టి వాటిని దాటుకుని తిరిగి, చివరి అంచుతో గడియను నెడుతుంది.

చెవి పోయిందన్నావు కాబట్టి ఇలా చెయ్యి. రంధ్రంలో సరిపోయే, ఇంకా గాళ్ళు కొయ్యని చెవి తీసుకుని దీపం మంట మీద మసి పట్టించు. లోపల పెట్టి, ఆగేదాకా మెల్లగా తిప్పి, బయటికి తియ్యి. మసి చెరిగి మెరిసిన చోటే గట్టు తగిలింది. అక్కడ సన్న ఆకురాయితో కొంచెం అరగదియ్యి, మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం. ఓపిక కావాలి. గాడి గట్టు కంటే వెంట్రుకవాసి వెడల్పుంటే చాలు, మరీ ఇరుకైతే సగంలో పట్టేస్తుంది. లోతు మితిమీరితే రేకు మెలితిరిగి లోపలే విరుగుతుంది. చివరి అంచు మాత్రం ముట్టుకోకు, అది అరిగితే చెవి గిర్రున తిరుగుతుంది గాని గడియ అందదు. కొబ్బరినూనె పొయ్యొద్దు, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. పెన్సిలు ముల్లు పొడి చాలు.

ఈ తాళాన్ని నమ్మి మాత్రం బంగారం పెట్టకు. గాళ్ళున్న భాగమంతా అరగదీసేసి చివరి అంచొక్కటే ఉంచిన చెవి వార్డులను తాకకుండా దాటిపోతుంది, అలాంటిది ఒక్కటుంటే చాలా తాళాలు తెరుచుకుంటాయి. 1778లో లండన్‌లో రాబర్ట్ బారన్ లోపలి మీటలు కదిలే తాళానికి పేటెంటు తీసుకున్నది ఈ లోటు తీర్చడానికే. ఒక్కో మీట సరిగ్గా కావలసినంతే లేవాలి. తక్కువైనా ఎక్కువైనా గడియ కదలదు. ఎంత తెలివిరా అది!

మన ‘కాచు’ మాత్రం తక్కువా? చేను కాచినవాడూ కాచాడు, చెట్టూ కాచింది. కాపరి, కాపలా, కాపు… వీటి గురించి విడిగా ఓ ఉత్తరం… ఉండు, ఐదు కావస్తోంది, పోస్టు డబ్బా ఖాళీ చేసేస్తారు. ఆకురాయి సన్నదే కొను.

నీ
రాజుగాడు