ఫిర్యాదు: ప్లేటు పట్టుకుని ఆగిపోతున్న మీ రోబో

భీమవరం

సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

రొయ్యల వ్యాధి పరీక్షల కోసం మీ దగ్గర కొన్న రోబో వ్యవస్థపై ఇది మా మూడో ఫిర్యాదు. యంత్రాలు బాగానే ఉన్నాయి. పనుల వరుసను నిర్ణయించే సాఫ్ట్‌వేరే మమ్మల్ని ముంచుతోంది.

గత మంగళవారం తెల్లవారుజామున ఒక రైతు థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి వెనామీ రొయ్యలు తెచ్చారు. తల పెంకుపై మచ్చలు కంటికే కనిపిస్తున్నాయి. తెల్లమచ్చల వ్యాధి సోకితే 3 నుంచి 10 రోజుల్లో చెరువు తుడిచిపెట్టుకుపోవచ్చు. చెరువులోని రొయ్యలను వెంటనే పట్టేయాలో లేదో ఆయన ఆ పూటే తేల్చుకోవాలి. అత్యవసరమని నమోదు చేసినా, మీ సాఫ్ట్‌వేర్ ఆ నమూనాను మామూలు నమూనాల వెనక నిలబెట్టింది.

తీరా దాని వంతు వచ్చాక, రోబో చెయ్యి, నమూనాలకు ఎంజైము కలిపిన ప్లేటును (చిన్న గుంటలుండే పళ్లేన్ని) ఎత్తి, వ్యాధి క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ యంత్రం దగ్గరికి తీసుకెళ్లింది. లోపల ముందరి ప్లేటు ఉంది. దాన్ని బయటికి తీయాల్సింది కూడా ఆ చెయ్యే. చేతిలో ఒక ప్లేటు, యంత్రంలో ఇంకొకటి. 40 నిమిషాలు కదలలేదు. అంతసేపు గది వేడిలో ఉన్న మిశ్రమం ఫలితాన్ని ఎలా నమ్మేది? అంతా పారబోసి మళ్లీ మొదలుపెట్టాం. రైతు రాత్రి 8 గంటల దాకా మా వరండా బల్ల మీదే కూర్చున్నారు. చెరువు దగ్గరి మనిషి ఫోను చేసినప్పుడల్లా లేచి గేటు దాకా వెళ్లి మాట్లాడి వచ్చేవారు. ఆయనకు ముఖం చూపించలేకపోయాను.

పనుల వరుస కూర్చడం గణితపరంగానే కష్టమని మీవాళ్లు గతసారి జవాబిచ్చారు. నిజమే. రెండు యంత్రాల వరుసకు 1954లోనే జాన్సన్ అనే గణితవేత్త తేలికైన సూత్రం ఇచ్చారు. మూడు యంత్రాలైతే అన్నిటికన్నా త్వరగా ముగిసే వరుసను కనిపెట్టడం ఎంత కఠినమో 1976లో వేరే పరిశోధకులు నిరూపించారు. కానీ మేము అత్యుత్తమ వరుస అడగడం లేదు. పెట్టే చోటు ఖాళీ అయ్యేదాకా ప్లేటును ఎత్తవద్దు అంటున్నాం. ఎంజైము కలిపాక ఎన్ని నిమిషాలు ఆగవచ్చో మేము చెబితే, ఆ గడువు దాటేలా ఉన్న పనిని అసలు మొదలుపెట్టకూడదు. అత్యవసర నమూనా వస్తే, ఇంకా మొదలుకాని పనులను వెనక్కి జరిపి దానికి దారి ఇవ్వాలి. ఇవి మా సాంకేతిక సిబ్బంది చేత్తో పనిచేసిన రోజుల్లో రోజూ పాటించిన నియమాలే.

ఈ నెలాఖరులోగా మీ ఇంజనీరును పంపి సరిచేయించండి. లేదంటే సాఫ్ట్‌వేరుకు చెల్లించిన సొమ్ము వాపసు ఇవ్వండి. మంగళవారం నాటి యంత్ర నమోదులు జతచేశాను, ఉదయం 9.14 దగ్గర నుంచి చూడండి.

ఇట్లు,
ప్రయోగశాల నిర్వాహకుడు