‘సంపూర్ణ మూలం’ పేరుతో అమ్మిన ఆర్థర్ కథల పుస్తకంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ప్రకటనలో చెప్పిన పుస్తకం కాకుండా పిల్లల సంక్షిప్త కథ పంపడం – డబ్బు వాపసు గురించి

అయ్యా,

బ్రిటన్ రాజు ఆర్థర్, అతని నైట్ల (వీరుల) కథలతో సర్ థామస్ మాలరీ రాసిన ‘లె మోర్త్ డార్థర్’ను మీ సైట్‌లో కొన్నాను. 1485లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు వేసిన ప్రతి ప్రకారం, ఏమీ తగ్గించని సంపూర్ణ మూలం అని మీ ప్రకటనలో ఉంది. అట్ట మీద కూడా అదే మాట. తీరా లోపల చూస్తే ఎవరో పిల్లల కోసం తిరగరాసిన కథ. ఆ రాసిందెవరో, ఎప్పుడు రాశారో ఎక్కడా వేయలేదు.

మాలరీ పుస్తకాన్ని 21 భాగాలుగా, 507 అధ్యాయాలుగా చేశానని కాక్స్‌టన్ తన ముందుమాటలోనే చెప్పాడు. మీరు పంపినదాంట్లో అధ్యాయాలు నలభై కూడా లేవు. మూలంలో దాదాపు మూడో వంతు ఉండే ట్రిస్ట్రమ్ అనే నైట్ కథ ఇక్కడ నాలుగు పేజీల్లో అయిపోయింది.

తగ్గించడం ఒక ఎత్తు, తగ్గించిన తీరు ఇంకో ఎత్తు. 19వ భాగంలో మెలియాగాంట్ అనే నైట్ ఆర్థర్ భార్య రాణి గ్వినివేర్‌ను ఎత్తుకుపోయి తన కోటలో పెడతాడు. రాత్రి ఆమె ప్రియుడైన నైట్ లాన్సెలాట్ నిచ్చెన వేసుకుని ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి ఇనుప ఊచలు పెరికేస్తాడు. చెయ్యి కోసుకుపోతుంది. తెల్లారేసరికి రాణి పక్క మీద రక్తపు మరకలు. ఆ గదిలోనే పడుకున్న గాయపడ్డ నైట్లలో ఎవరితోనో ఆమె రాత్రి గడిపిందని మెలియాగాంట్ నింద వేస్తాడు. దాన్ని తేల్చడానికే లాన్సెలాట్‌కు, మెలియాగాంట్‌కు ద్వంద్వయుద్ధం. ఓడిపోయి ప్రాణభిక్ష అడిగినవాణ్ణి వదలొద్దని రాణి తల ఊపి సైగ చేస్తుంది. అప్పుడు లాన్సెలాట్ తన తల మీద, ఎడమ వైపు కవచం తీసేసి, ఎడమ చెయ్యి వెనక్కి కట్టించుకుని మళ్లీ పోరాడి చంపుతాడు. మీ పుస్తకంలో కిటికీ లేదు, రక్తం లేదు, నింద లేదు. యుద్ధం మాత్రం ఉంది! ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారో చదివేవాడికి అంతుపట్టదు.

చివర్లో ఆర్థర్ మీదే యుద్ధానికి దిగే మోర్డ్రెడ్‌ను ఆర్థర్ మేనల్లుడని రాసి వదిలేశారు. అబద్ధం కాదు, కానీ సగమే చెప్పారు. తల్లి వైపు నుంచి అక్క అయిన మోర్గాజ్‌కు, ఆమె ఎవరో తెలియక ఆర్థర్ కన్న కొడుకే మోర్డ్రెడ్. వాడి చేతిలో నీకు చేటు ఉందని మాంత్రికుడు మెర్లిన్ చెబితే, మే ఒకటిన పుట్టిన పిల్లలందర్నీ ఓడలో వేసి సముద్రంలోకి వదిలేయిస్తాడు ఆర్థర్. అచ్చం కంసుడి పనే. అది తీసేస్తే చివరి యుద్ధానికి అర్థమేముంది?

తిరగరాయడం తప్పని నేను అనడం లేదు. ఈ కథ బతికిందే అలా. 12వ శతాబ్దంలో షాంపేన్ కౌంటెస్ మారీ కోసం ఫ్రెంచ్ కవి క్రెతియాం ద త్రోయా ఇదే కిటికీ ఘట్టం రాశాడు. అక్కడ నింద పడింది కే అనే ఒక్క నైట్ మీద. మాలరీ దాన్ని తనకు కావలసినట్టు మార్చుకున్నాడు. 19వ శతాబ్దపు ఇంగ్లీష్ కవి టెనిసన్ కూడా మార్చాడు, అయితే తన పేరు పెట్టుకుని మార్చాడు. మీరు మాలరీ పేరు పెట్టి వేరొకరి రాత అమ్ముతున్నారు. నా అభ్యంతరమంతా అదే.

మీ చాట్‌లో అడిగితే, “బుక్ డ్యామేజ్ అవలేదు కదా సర్, రిటర్న్ కుదరదు” అన్నారు. డ్యామేజ్ అయ్యింది అట్ట కాదండీ, లోపలి కథ! ఇది ఎం.ఏ. సెమినార్ కోసం మా అమ్మాయికి కొన్నది. ఇందులోంచి కోట్ చేసి ఉంటే క్లాసులో పరువు పోయేది.

పుస్తకాన్ని మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. ప్రకటనలో ఇది సంక్షిప్త కథ అని, తిరగరాసినవారి పేరు వేయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తాను. బిల్లు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, విషయసూచిక ఫొటో జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్