కొండవీటి సహాయ మంత్రులకు పని ఎవరిస్తారు?

సంపాదకులకు,

అయ్యా,

మీ జిల్లా అనుబంధంలో మొన్న వచ్చిన నమూనా పార్లమెంటు వార్త చదివాను. రెడ్డిరాజుల కొండవీటి రాజ్యం పడిపోకుండా ఈనాటి దాకా నిలిచి, క్రమంగా రాజ్యాంగానికి లోబడిన రాజరికంగా మారి ఉంటే అక్కడి ప్రభుత్వం ఎలా ఉండేదని గుంటూరు విద్యార్థులు కొందరు ఊహించారట. ఆ ఊహకు నా మెచ్చుకోలు. విద్యాశాఖ మంత్రికి 'విద్యాధికారి' అని పేరు పెట్టడం మరీ నచ్చింది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు చేసిన ఉద్యోగం అదే కదా! ప్రమాణ స్వీకారం కొండ మీద కోటలోనే జరగాలని కూడా నియమం పెట్టుకున్నారు. గుంటూరు ఎండలకు సగం మంది పైకి చేరకముందే రాజీనామా ఇస్తారేమో, అది వేరే విషయం.

నేను రాయదలచుకున్నది ఆ వార్త పక్కన మీరు వేసిన పట్టిక గురించి. సభలో 120 మంది సభ్యులు. పాలక పక్షం 66. ప్రధానితో కలిపి క్యాబినెట్ మంత్రులు 14 మంది, సహాయ మంత్రులు 20 మంది. క్యాబినెట్ మంత్రుల పేర్ల ఎదురుగా ఎవరి బాధ్యతలేమిటో రెండేసి వాక్యాలు రాశారు. సహాయ మంత్రుల దగ్గరికి వచ్చేసరికి 'ఆర్థికం, సహాయ', 'నీటిపారుదల, సహాయ', మళ్లీ 'నీటిపారుదల, సహాయ', అంతే. నీటిపారుదలకు ఇద్దరెందుకో, ఒకరు కాలువలూ మరొకరు చెరువులూ చూస్తారో, ఒకరు పొద్దున మరొకరు సాయంత్రం కూర్చుంటారో పట్టికలో లేదు. రాజుగారికి కిరీటం, రాజముద్ర, సింహాసనం పక్కన ఏనుగు దంతం వరకు ఆలోచించిన పిల్లలు ఈ ఇరవై మందికి పని ఆలోచించలేదు.

దీన్ని పిల్లల ఆటే కదా అని వదిలేయలేకపోతున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మంత్రుల పేషీల్లో టైపు చేస్తూ గడిచింది. అందులో కొంతకాలం ఒక సహాయ మంత్రి గారి దగ్గర. ఏ ప్రభుత్వమో, ఏ శాఖో చెప్పను. ఆయన ఇప్పుడు లేరు.

ఆయన పదింటికల్లా వచ్చి కూర్చునేవారు. అద్దం పరిచిన పెద్ద బల్ల. ఎడమ వైపు వచ్చే ఫైళ్లకు ఒక చెక్క ట్రే, కుడి వైపు వెళ్లే ఫైళ్లకు మరొకటి. ఎడమ ట్రేలో శుభలేఖలు, ప్రారంభోత్సవాల ఆహ్వానాలు, బదిలీ అర్జీలు నిండుగా ఉండేవి. ఫైళ్లు మాత్రం కార్యదర్శి దగ్గర నుంచి నేరుగా క్యాబినెట్ మంత్రి పేషీకి పోయేవి. "ఏమ్మా, ఇవాళ ఏమైనా ఫైళ్లు వచ్చాయా?" అని అడిగేవారు. "ఇంకా రాలేదు సార్" అనేదాన్ని. ఆ 'ఇంకా' ఎందుకు కలిపేదాన్నో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక రోజు నిజంగానే వచ్చింది. ఎర్ర ట్యాగు, అట్ట మీద 'అత్యవసరం' చీటీ. నోట్ ఫైలు తిరగేస్తే క్యాబినెట్ మంత్రి అప్పటికే సంతకం పెట్టేశారు. దాని మీద జీవో కూడా వెలువడింది. సహాయ మంత్రి గారికి సమాచారం నిమిత్తం పంపారు. ఆయన ఆకుపచ్చ సిరా పెన్ను మూత తీసి, అన్ని సంతకాల కిందా 'చూశాను' అని రాసి, పొడి సంతకం పెట్టి, తేదీ వేసి, తడి ఆరేదాకా ఊది, నా చేతికిచ్చారు. అసెంబ్లీలో ఆ శాఖ మీద ఇబ్బందికరమైన ప్రశ్న పడిన రోజున మాత్రం సమాధానం చెప్పే బాధ్యత తప్పకుండా ఆయనకే వచ్చేది. అధికారులు పంపిన కాగితం చదివేవారు. అనుబంధ ప్రశ్న వేస్తే, "సమాచారం తెప్పించి సభ ముందుంచుతాను" అని కూర్చునేవారు. మర్నాటి పత్రికలో 'నీళ్లు నమిలిన మంత్రి' అని వచ్చేది. ఫైలు చూడని మనిషి నీళ్లు నమలక ఏం చేస్తాడు?

మన రాజ్యాంగంలో సహాయ మంత్రి చేయవలసిన పని ఇదీ అని చెప్పే వాక్యం దొరకదు. రాష్ట్రాల్లో 166(3), కేంద్రంలో 77(3) అధికరణాల కింద చేసుకునే బిజినెస్ రూల్స్, వాటి తర్వాత వచ్చే ఉత్తర్వులు ఆ సంగతి తేలుస్తాయి. ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగాలి, ఎవరి సంతకంతో ముగియాలి అన్నది అక్కడ తేలకపోతే మిగిలేది కారు, గన్‌మన్, పేషీ.

రాజులున్న దేశాల్లో ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా చూస్తారు. బ్రిటన్‌లో శాఖాధిపతులైన సెక్రటరీలు రాజు చేతి నుంచి అధికార ముద్రలు అందుకుంటారు. కింది స్థాయి మంత్రులకు ఆ వైభవం లేదు. కానీ ఒక్కొక్కరికి ఏ అంశాలు అప్పగించారో ప్రభుత్వమే జాబితా వేసి ప్రకటిస్తుంది. కామన్స్ సభలో రోజు చివరి అరగంట ఎవరో ఒక సభ్యుడు తన నియోజకవర్గపు ఆసుపత్రి గురించో రైల్వే స్టేషను గురించో లేవనెత్తితే, దాదాపు ఖాళీ సభలో లేచి బదులు చెప్పేది సాధారణంగా ఈ చిన్న మంత్రే. నెదర్లాండ్స్ వాళ్లు రాజ్యాంగంలోనే రాసుకున్నారు: మంత్రి అవసరమనుకున్న విషయాల్లో, ఆయన సూచనలకు లోబడి స్టేట్ సెక్రటరీ, అంటే అక్కడి సహాయ మంత్రి, ఆయన స్థానంలో పనిచేస్తాడు, పార్లమెంటుకు తానూ జవాబుదారీ అవుతాడు. స్వీడన్‌లో 1975 నుంచి ప్రభుత్వం ఏర్పాటులో రాజుకు పాత్రే లేదు. ప్రధాని పేరు ప్రతిపాదించేది స్పీకర్. ఇలాంటివి తిరగేస్తే కొండవీటి పిల్లలకు రాజుగారి కొలువు కన్నా సహాయ మంత్రి బల్ల దగ్గరే రాయడానికి ఎక్కువ సరుకు దొరుకుతుంది. మనకూ ఇదేమీ పరాయి అనుభవం కాదు. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా నెహ్రూ గారి మంత్రివర్గం చట్టం దృష్టిలో ఆరో జార్జి రాజు పేరిట నడిచిందే.

ఇక సంఖ్య. 66 మంది పాలక పక్షంలో 34 మంది మంత్రులైతే సగం కంటే ఎక్కువ మంది నోరు కట్టేసినట్టే. మంత్రి పదవిలో ఉండి సొంత ప్రభుత్వాన్ని ప్రశ్నించేవాడు ఉండడు. బ్రిటన్‌లో మంత్రులుగా ఉండి కామన్స్‌లో కూర్చుని ఓటేయగలిగేవారు 95 మందిని మించకూడదని 1975 చట్టం హద్దు పెట్టింది ఇందుకే. మన దగ్గర ముఖ్యమంత్రి టి. అంజయ్య గారి జంబో మంత్రివర్గం గుర్తున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నాం; అరవై దాటిన ఆ మంత్రుల పేర్లన్నీ కార్యాలయాల్లో ఎవరికీ నోటికి వచ్చేవి కావు. ఆ తరహా సంతర్పణలకు 2003లో 91వ రాజ్యాంగ సవరణ అడ్డుకట్ట వేసింది. ముఖ్యమంత్రితో సహా సభ సంఖ్యలో 15 శాతం దాటరాదు. 175 మంది ఉన్న మన సభకు అది 26. కొండవీటి సభకైతే 18. పిల్లలు మన రాజ్యాంగానికి కట్టుబడనక్కర్లేదు, వాళ్ల రాజ్యం వాళ్లిష్టం. కానీ ఆ పదహారు మంది అదనం ఎవరి కోసమో సభలో ఒకరైనా అడగాలి కదా.

అన్యాయం చేయకుండా ఒకటి చెప్పాలి. ఆ ఇరవై మందిలో ఒక్కరికి, 'మిర్చి వ్యవహారాల సహాయ మంత్రి'కి, నిజమైన పని ఉంది. గుంటూరు పిల్లలు కాబట్టి తట్టింది. మీ విలేకరి దాన్ని నవ్వులాటగా రాశారు గానీ పట్టిక మొత్తం మీద ఆచరణలో నిలబడే పదవి అదే. ఎగుమతి విధానం, మద్దతు ధర, పొరుగు రాజ్యాలతో ఒప్పందం క్యాబినెట్ మంత్రి దగ్గర ఉంచండి. యార్డులో కాటా దగ్గర టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఎంత తరుగు తీస్తున్నారు, తాలు కాయల పేరు చెప్పి మంచి సరుకుకు రేటు ఎలా కోస్తున్నారు, కోల్డ్ స్టోరేజీ అద్దె ఎంత, వాన పడ్డ రాత్రి ఆరుబయట ఉన్న సరుకు మీద పట్టాలు కప్పించే బాధ్యత ఎవరిది, ఈ ఫైళ్లు సహాయ మంత్రి సంతకంతో ముగియాలని రాయండి. క్యాబినెట్ మంత్రి కావాలంటే తెప్పించుకుని చూడవచ్చు, కానీ తెప్పించుకున్నందుకు కారణం ఫైలు మీద రాయాలి. ఈ చివరి నిబంధన నా సొంతం. ఆ రోజుల్లో మా పేషీలో ఇది అమల్లో ఉంటే మా సార్ ట్రేలో శుభలేఖలు కొంచెం తగ్గేవి.

పత్రికగా మీకు ఒక విన్నపం. నిజమైన మంత్రివర్గ విస్తరణ జరిగినప్పుడు కూడా మీరు చేసేది ఆ విద్యార్థులు చేసిందే. ఫొటోలు, కులాల లెక్క, జిల్లాల లెక్క, ఎవరు అలిగారు, ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారు అన్నీ వస్తాయి. కేంద్రంలో సహాయ మంత్రి అయిన తెలుగువారికి ఏ పనులు అప్పగించారన్నది ఆ తర్వాత ఎన్ని నెలలు వెతికినా కనిపించదు. ప్రమాణం చేసిన నెలకు ఒకసారి ఆ పని పంపిణీ ఉత్తర్వు సంపాదించి అచ్చు వేయండి. ఉత్తర్వు దొరకకపోతే, దొరకలేదని వేయండి.

కొండవీటి పార్లమెంటు మళ్లీ కూర్చుంటుందని రాశారు కాబట్టి వారి స్పీకరుకు మీ ద్వారా ఒక నక్షత్ర గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభలో లేచి నోటితోనే జవాబు చెప్పవలసిన ప్రశ్న, పంపుతున్నాను. నీటిపారుదల సహాయ మంత్రులిద్దరినీ విడివిడిగా అడగాలి: (అ) పదవి చేపట్టిన నాటి నుంచి తమ సంతకంతో తుది నిర్ణయం జరిగిన ఫైళ్లు ఎన్ని? (ఆ) 'చూశాను' అని మాత్రమే రాసినవి ఎన్ని? (ఇ) మొదటి సంఖ్య సున్నా అయితే, ఆ విషయం ప్రధానికి ఎప్పుడు తెలియజేశారు?

ఇట్లు,
ఒక విశ్రాంత పేషీ ఉద్యోగిని,
సత్యనారాయణపురం, విజయవాడ