నివురు కింది నిప్పు

చిరంజీవి చిట్టితల్లికి, అమ్మ ఆశీస్సులు.

నీ ఏడో ఏట, మే నెల మొదటి తేదీన, గిన్నె పట్టుకుని పాలకోసం వెళ్లిన నిన్ను పక్కింటి పెద్దావిడ ఉత్త చేతులతో పంపించారని ఇప్పటికీ తలచుకుంటూ ఉంటావు. ఆమె పిసినారితనంతో అలా చేయలేదని నీకు ఏనాడో చెప్పవలసింది; కానీ ఐర్లండ్‌లోని ఈ మేయో జిల్లాలో చాలా ఏళ్లు కాపురం చేశాకగాని నాకూ ఆ సంగతి బోధపడలేదు.

ఐర్లండ్ పల్లెల్లో ఒకప్పుడు ఇల్లాలు చిలికిన వెన్న అమ్మగా వచ్చిన డబ్బే ఎన్నో కుటుంబాలకు కౌలు కట్టడానికి ఆధారం. కౌలు బాకీ పడితే ఇల్లే పోయే రోజులవి. అందువల్ల, పశువులు వేసవి పచ్చికకు తరలే ఆ మే దినాన పాలుగాని నిప్పుగాని గడప దాటితే, వాటి వెంట ఏడాది పొడుగునా ఆ ఇంటి వెన్న భాగ్యం కూడా వెళ్లిపోతుందని భయపడేవారు. మీగడ చిలుకుతున్న వేళ ఇంటికి వచ్చినవారు ఎవరైనా సరే, దేవుడు ఈ పనిని దీవించాలని పలికి, తామూ కాసేపు చిలికిన తరువాతే బయటికి వెళ్లాలి. రాత్రివేళ కాళ్లు కడిగిన నీళ్లు పారబోసేముందు సైతం, కంటికి కనిపించనివారు తప్పుకోవాలని గట్టిగా హెచ్చరించేవారు.

నన్ను అన్నిటికంటే కదిలించేది వారి పొయ్యి. పడుకోబోయే ముందు ఇల్లాలు ప్రార్థన చెప్పుకుంటూ, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి కాల్చే మట్టిపెళ్ల) నిప్పుకణికలను బూడిదలో పూడ్చి, తెల్లవారాక వాటితోనే మంట రాజేసేది. నివురుగప్పిన నిప్పు అంటే మనకు పొంచి ఉన్న ప్రమాదం. ఆమెకు అది మరునాటి వంటకు దాచుకున్న ఆస్తి.

1937 నుంచి 1939 వరకు ఇక్కడి బడిపిల్లలు దాదాపు 50,000 మంది తమ పెద్దల నోట విన్న ఇటువంటి సంగతులను నోటుపుస్తకాల్లో రాశారు. ఆ పుటలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. గుండ్రటి పిల్లచేతిరాతలో తాతమ్మల మాటలు చదువుతుంటే నాకు సమయం తెలియడం లేదు. నువ్వూ తప్పక చదువు.

ఫిబ్రవరి 1న ఐర్లండ్ వారు కొలిచే పుణ్యస్త్రీ సెయింట్ బ్రిజిడ్ పండుగ. ముందురోజు సాయంత్రం, తుంగను పోలిన గడ్డితో శిలువ అల్లి, ఇంటికి అగ్నిభయం లేకుండా ద్వారం పైన కడతారు. పెద్దావిడకు ఈ ఏడాది వేళ్లు సహకరించడం లేదు. అల్లిక నీకు నేర్పుతానని కబురు చేశారు. జనవరి 31 మధ్యాహ్నానికల్లా వచ్చేయి, పొలం గట్టున గడ్డి నువ్వే తేవాలి. కత్తి పెట్టి కోయకూడదట, చేత్తోనే పీకాలట.

ప్రేమతో,
అమ్మ