అవ్వ రూపాయలకు పది గంటల వెలుగు

లెస్టర్, ఇంగ్లండు,
డిసెంబరు 14.

నాన్నకు నమస్కారాలు.

ఆదివారం వీడియోలో మీరు అవ్వ ముడుపు విప్పి, బ్రిటిషు కాలపు ఏడు వెండి రూపాయలనూ పళ్ళెంలో వరుసగా పేర్చి చూపించినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. సంక్రాంతి వెళ్ళగానే కొండకు వెళ్ళి హుండీలో వేసి మొక్కు తీర్చేస్తానన్నారు. తప్పకుండా తీర్చండి. చిన్నప్పుడు మీకు జ్వరం తగ్గాలని అవ్వ కట్టిన ముడుపు అది. అరవై ఏళ్ళు పెట్టె అడుగునే ఉండిపోయింది. వద్దనడానికి నేనెవరిని? అయితే హుండీలో పడిన రూపాయి మళ్ళీ మన కంటపడదు. అందుకే అవి మన చేయి దాటకముందే ఒక్కోదానికి రెండు వైపులా మంచి ఫోటో తీసి ఉంచుకోవాలని నా కోరిక.

మీరు ఫోనుతో తీసి పంపినవి చూశాను. ఏడింటి మీదా ట్యూబులైటు తెల్లటి చారలా మెరుస్తోంది, రాజుగారి ముఖం మాత్రం బొగ్గులా ఉంది. అందులో మీ తప్పు లేదు, ఫోను తప్పూ లేదు. వెండి స్వభావమే అది. ఆరు నెలలుగా నేను దానితో కుస్తీ పడుతున్నాను. తెలుసుకున్నదంతా ఇందులో రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. పైగా ఇది బల్ల మీద కాగితం పెట్టుకుని, చూస్తూ చేయవలసిన పని.

ఎలా మొదలైందో చెప్పనే లేదు కదూ. జూన్‌లో ఒక శనివారం రాత్రి డ్యూటీ దిగి వస్తూ ఇక్కడి సంతలో ఆగాను. పాత సామాను అమ్మే ఒకాయన బల్ల మీద, తాళంచెవుల మధ్య, 1918 నాటి మన రూపాయి కనిపించింది. చేతిలోకి తీసుకోగానే అవ్వ గుర్తొచ్చింది. శొంఠి, మిరియాలు తూచేటప్పుడు త్రాసులో ఒకవైపు రూపాయి బిళ్ళ వేసేది, ‘రూపాయి ఎత్తు’ అనేది. రూపాయి ఎత్తంటే తులమే, 11.66 గ్రాములు. ఇంటికి వచ్చి వంటింటి త్రాసులో వేసి చూస్తే, అరిగిపోయి ఉన్నా పదకొండున్నరకు తగ్గలేదు. ‘మన పెట్టెలోవి కూడా నువ్వే తీసుకెళ్ళమ్మా’ అని మీరు ఒకసారి అన్నారు. నూరేళ్ళు నిండిన నాణేలను అనుమతి లేకుండా దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం చెబుతోంది. కాబట్టి నాకు ఈ సంత రూపాయే చాలు. దీని మీదే నేర్చుకున్నాను.

మొదటి రోజు కిటికీ దగ్గర పెట్టి, పైనుంచి నేరుగా తీశాను. నాణెం మధ్యలో నల్లటి గుండ్రటి మచ్చ వచ్చింది. తుడిచి మళ్ళీ తీశాను. మళ్ళీ మచ్చే. అది మురికి కాదు నాన్నా, నా కెమెరా లెన్సే! లోహాలన్నిటిలోకీ వెలుగును ఎక్కువగా తిప్పికొట్టేది వెండి. మెరుగుపెట్టిన వెండి తన మీద పడిన వెలుగులో దాదాపు 95 శాతం వెనక్కి పంపేస్తుంది. నల్లటి లెన్సు ఎదురుగా ఉంటే నలుపునే చూపిస్తుంది. ఆ రోజు నేను ఎర్ర స్వెట్టరు వేసుకున్నాను, అంచు చుట్టూ ఎర్రటి జీర కూడా పడింది. అంటే వెండిని ఫోటో తీయడమంటే వెండి ఎదుట ఏముందో దాన్ని ఫోటో తీయడమే. ఏం చూపించాలో మనమే ముందు అమర్చాలి.

మీకు ఇది కొత్త కాదు. గాంధీ రోడ్డు దుకాణంలో ఎవరైనా వాచీ తెస్తే, కంటికి భూతద్దం పెట్టుకోకముందే దాన్ని కొంచెం ఇటు, కొంచెం అటు వంచేవారు. ‘అద్దం మీద లైటు తప్పిస్తేనే ముల్లు కనిపిస్తుంది’ అని చెప్పేవారు. నేను బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తుండేదాన్ని. ఇక్కడ పుస్తకాలూ వీడియోలూ వెతికి వెతికి నేను చేరుకున్నది ఆ ఒక్క మాటకే. తేడా ఏమిటంటే, ఇక్కడ నాణేన్ని వంచకూడదు, దీపాన్ని జరపాలి. వంచితే గుండ్రటి రూపాయి కోడిగుడ్డు ఆకారంలో పడుతుంది.

ఇక చేయవలసిన పని. తమ్ముడి పెళ్ళికి కొన్న కెమెరా బీరువాలో ఉంది, అది చాలు. స్టాండు కూడా దానితోనే ఉంది. మిద్దె మీది గదిలో కొండ వైపు కిటికీ దగ్గర బల్ల వేసుకోండి. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణం వైపే నడుస్తాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోకి ఎండ నేరుగా పడదు, రోజంతా మెత్తటి వెలుగు ఉంటుంది. ఇక్కడ ఉదయం ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగుకే చీకటి. ఆ కిటికీ నాకుంటే ఎంత బాగుండేది! ఫ్యాను ఆపేయండి, అది తిరుగుతుంటే బల్ల వణుకుతుంది. ట్యూబులైటు కూడా ఆపేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే నాణెం ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పచ్చగా పడుతుంది.

కెమెరా నిటారుగా కిందికి చూడాలి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి అవ్వ బొట్టుపెట్టెలోని చిన్న అద్దం తీసి, రూపాయి పెట్టే చోట చదునుగా ఉంచండి. కెమెరాలోంచి చూస్తే ఆ అద్దంలో లెన్సు కన్ను కనిపిస్తుంది. ఆ కన్ను సరిగ్గా మధ్యలో ఉంటే కెమెరా, బల్ల సమంగా ఉన్నట్టే. పక్కకు జరిగి ఉంటే స్టాండు సర్దండి. తర్వాత అద్దం తీసేసి రూపాయి పెట్టండి.

రూపాయిని గుడ్డ మీద నేరుగా ఉంచవద్దు. తిరగేసిన సీసా మూత మీద పెట్టి కొంచెం ఎత్తు చేస్తే కింది గుడ్డ మసకబారి నాణెం ఒక్కటే తేలి కనిపిస్తుంది. మూత బదులు పెన్సిలు చెరిపే రబ్బరు మాత్రం వాడవద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరుస్తుంది. నాణేలకు రబ్బరు బ్యాండు వేసి ఉంచినా అంతే. అన్నట్టు, మీ పట్టకారుతో రూపాయిని పట్టుకోవద్దు. అంచులు రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలు. దుమ్ము ఉంటే వాచీలకు వాడే గాలి బుడ్డితో ఊదండి, గుడ్డతో తుడవవద్దు.

కెమెరాలో మార్చవలసినవి నాలుగే. ఫ్లాష్ వద్దు. కెమెరా వెలుగును ఎంత చురుగ్గా పట్టాలో చెప్పే అంకె, ఐఎస్ఓ, 100. లెన్సులో వెలుగు దూరే రంధ్రం అంకె (ఎఫ్) 8. ఈ అంకె పెరిగితే రంధ్రం సన్నబడుతుంది. అంకె పెరిగేకొద్దీ అన్నీ స్పష్టంగా వస్తాయని నేను 22 పెట్టి చూశాను. మొత్తం మసకబారింది. మరీ సన్నటి రంధ్రంలోంచి దూరేటప్పుడు వెలుగు చెదిరిపోతుంది. మీట నొక్కాక రెండు సెకన్ల తర్వాత తీసేలా టైమరు పెట్టండి, అప్పుడు మీ వేలి కదలిక కూడా తగలదు. మరీ దగ్గరికి వెళ్ళవద్దు. కాస్త దూరం నుంచి తీస్తే కత్తిరింపు నేను ఇక్కడ చూసుకుంటాను. ఒక చిక్కు ఉంది. కెమెరా తాను చూసేదంతా బూడిద రంగుదే అనుకుంటుంది. నల్లగుడ్డ మీద పెడితే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, రాజుగారి చెంప తెల్లగా మాడిపోతుంది. తెల్లకాగితం మీద పెడితే వెండి మట్టిరంగులోకి దిగుతుంది. అందుకే ఒక్కోదాన్ని కొంచెం తక్కువ వెలుగుతో, మామూలుగా, కొంచెం ఎక్కువతో మూడుసార్లు తీయండి.

ఇప్పుడు అసలు సంగతి, వెలుగు. కిటికీకి మీ ఉతికిన తెల్ల పంచె ఒక మడతతో కట్టండి. రూపాయిని వాచీ డయలు అనుకోండి, రాజుగారి తల పన్నెండు. కిటికీ పది గంటల వైపు ఉండేలా బల్ల తిప్పుకోండి. రెండు గంటల వైపు తెల్లకాగితం ఒకటి నిలబెట్టండి, అది నీడలో కొంత వెలుగు నింపుతుంది. కాగితాన్ని దగ్గరికి, దూరానికి జరుపుతూ చూడండి. ఒక చోట బొమ్మ ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. ఆ చోటు ఎవరూ చెప్పలేరు, మీ కన్నే పట్టుకోవాలి.

నాకది దొరికిన రాత్రి చెబుతాను. అయిదో జార్జి రూపాయి మీద రాజు కిరీటం పెట్టుకుని ఉంటాడు. ఇక్కడి పాత షిల్లింగు నాణెం మీద అదే రాజు వట్టి తలతో కనిపిస్తాడు. మన రూపాయి మీద ఆయన ఛాతీ దగ్గర హారంలో ఒక చిన్న ఏనుగు ఉంటుంది. 1911లో మొదట వేసినప్పుడు ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని జనం గొడవ చేస్తే, ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కి తీసుకుని 1912 నుంచి ఏనుగును సరిగ్గా చెక్కించింది. నా 1918 రూపాయి మీద అక్కడ ఏమీ లేదనే అనుకున్నాను, అంత అరిగిపోయింది. ఆ రాత్రి దీపాన్ని పది గంటల దగ్గర బాగా కిందికి దించాను. బియ్యపు గింజలో సగం లేని తొండం నీడ తేలింది! తర్వాత వీపు, తర్వాత కాలు. ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి గట్టిగా నవ్వాను. మన వాటిలో అయిదో జార్జివి మూడున్నాయి. ఏనుగు కనిపించేలా వాటిని తీయండి. వెనుకవైపు అడుగున తామరపువ్వు కింద చిన్న చుక్క ఉందేమో కూడా చూడండి. ఉంటే అది బొంబాయి టంకశాలలో వేసినది.

ఒక్కటి చేతులెత్తి అడుగుతున్నాను. స్వామికి ఇచ్చేవి కదా అని అమ్మ వాటిని చింతపండు పెట్టి తోముతుందేమో. వద్దని చెప్పండి. పెళ్ళి పళ్ళెంలో పెట్టడానికని అత్త తోమిన రెండు ఎడ్వర్డు రూపాయలూ చూశారుగా. తెల్లగానే ఉన్నాయి, కానీ ప్రాణం లేనట్టున్నాయి. పెద్దది చేసి చూస్తే సన్నటి గీతలు సుడులు తిరిగి ఉంటాయి, ఏ దీపమూ వాటిని దాచలేదు. ఆ 1862 విక్టోరియా రూపాయి అంచున మీరు ‘మరక’ అన్న పసుపు, ఊదా, నీలం ఉన్నాయే, అవి మరకలు కావు. గాలిలోని గంధకం వెండితో కలిసి పట్టిన పలుచటి పొర అది. నీళ్ళ మీద నూనె చుక్క రంగులు చూపినట్టే ఆ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. పెట్టెలో గడిచిన అన్నేళ్ళూ ఆ అంచులో ఉన్నాయి. 1943 నాటి ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే. 1940 నుంచి అలా తగ్గించారు. మిగతావాటి పక్కన పెడితే వెలవెలబోతే కంగారుపడవద్దు.

ఆ రంగులు పక్కవెలుగులో రావు. వెలుగు నాణేనికి నేరుగా తగిలి నేరుగా లెన్సులోకి తిరిగి రావాలి. అందుకని ఆ ఒక్క రూపాయికి ఇంకో పద్ధతి. ఫోటో ఫ్రేములోంచి గాజు పలక తీసి, బాగా తుడిచి, నాణేనికీ కెమెరాకూ మధ్య 45 డిగ్రీల వాలుగా నిలపండి. పక్కనుంచి దీపం ఆ గాజు మీద వేయండి. కొంత వెలుగు గాజుకు తగిలి కిందికి దిగుతుంది, నాణెం దాన్ని తిరిగి పైకి పంపుతుంది, గాజులోంచే కెమెరా చూస్తుంది. దీపం వెలుగు నేరుగా నాణెం మీద పడకుండా మధ్యలో ఒక అట్ట అడ్డం పెట్టండి. నాకు ఇది కుదరడానికి మూడు వారాలు పట్టింది. మీ చేతికి ఒక్క పూటలో వస్తుంది.

ఫోటోలు తమ్ముడితో పంపించండి, తగ్గించకుండా పూర్తి సైజులో. మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా నిజం రాయండి. కొండకు కాలినడకన వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం తమ్ముడు పక్కన ఉండాలి.

ఆ పసుపు గుడ్డ ఎక్కడ పెట్టారు? ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు. ముడి విప్పేశారు కానీ అవ్వ బిగించి కట్టిన చోట మడతలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి, వీడియోలో చూశాను. రూపాయలన్నీ అయ్యాక దాన్ని బల్ల మీద పరిచి, కిటికీ పది గంటల వైపు ఉంచి, అదే వెలుగులో ఒక్క ఫోటో తీయండి.

మీ
చిన్నమ్మాయి