కండలు మాత్రమే కనిపించాయా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట ఆదివారం అనుబంధంలో పాత ఇంగ్లిష్ వీరకావ్యాల మీద వచ్చిన వ్యాసం గురించే ఈ ఉత్తరం. ఎవరైనా రాస్తారేమోనని ఆగాను, ఎవరూ రాయలేదు. వాటిని రాసిన ఆంగ్లో-సాక్సన్ (అంటే ఆనాటి ఇంగ్లండు) కవులకు కండబలం తప్ప ఇంకేదీ పట్టలేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. పక్కన కొమ్ముల శిరస్త్రాణంతో యోధుడి బొమ్మ ఒకటి! ఓడల్లో వచ్చి దోచుకుపోయే ఉత్తరాది వైకింగులే అలాంటివి పెట్టుకోలేదు. 1939లో సఫోక్‌లోని సటన్ హూ తవ్వకాల్లో దొరికిన అసలు శిరస్త్రాణం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, దాని ఫొటో వేయడానికి ఏమైంది? ఆ వీరకావ్యాల్లో ఒకటైన బియోవుల్ఫ్ కథ ఇంగ్లండులో జరిగిందని కూడా రాశారు. అది జరిగేది డెన్మార్క్‌లో, ఇప్పటి దక్షిణ స్వీడన్‌లో.

కథానాయకుడు బియోవుల్ఫ్ పిడికిలిలో ముప్ఫై మంది బలం ఉన్న మాట నిజమే. కానీ తను తలపడబోయే రాక్షసుడు గ్రెండెల్‌కు ఆయుధాలు తెలియవని తనూ కత్తి పక్కన పెట్టేసినవాడు అతనే. గెలిచి వచ్చాక డెన్మార్క్ ముసలి రాజు హ్రోత్‌గార్ పొగిడి ఊరుకోలేదు. ఈ బలం కొన్నాళ్లే, రోగమో కత్తో ముసలితనమో దాన్ని పట్టుకుపోతుంది, గర్వపడకు అని బుద్ధి చెప్పాడు. ఇదంతా కండల పొగడ్తేనా?

మాల్డన్ యుద్ధకావ్యం ఊసే లేకపోవడం నన్ను మరీ బాధపెట్టింది. 991లో ఇంగ్లండులోని ఎసెక్స్ తీరంలో వైకింగులతో జరిగిన పోరు అది. మనకు మిగిలింది 325 పంక్తులే. మొదట్లోనే ఒక కుర్రాడు చేతిమీది పెంపుడు డేగను అడవి వైపు వదిలేసి యుద్ధానికి నడుస్తాడు. నాయకుడు బిర్త్‌నోత్ పడిపోగానే, ఆయన దగ్గర ఎన్నో గుర్రాలు బహుమానంగా పుచ్చుకున్న గాడ్రిక్ ఆయన గుర్రమే ఎక్కి పారిపోతాడు. వెళ్తున్నది నాయకుడే అనుకుని సైన్యం చెదిరిపోతుంది. అప్పుడు నిలబడింది ఎవరు? డున్నెరె అనే మామూలు రైతు ఈటె ఊపి, వెనకడుగు వేయొద్దంటాడు. బిర్త్‌వోల్డ్ అనే ముసలివాడు, ఒంట్లో బలం తగ్గేకొద్దీ గుండె గట్టిపడాలని చెప్పి, తన దొర పక్కనే చస్తానంటాడు. అహంకారం కొద్దీ శత్రువుల్ని ఇవతలి ఒడ్డుకు రానిచ్చాడని సొంత నాయకుణ్ని తప్పుపట్టడానికీ ఆ కవి వెనకాడలేదు.

మాల్డన్ మూలప్రతి 1731లో లండన్‌లో గ్రంథాలయం తగలబడినప్పుడు కాలిపోయింది. అంతకుముందే నకలు తీసి ఉంచబట్టి కావ్యం దక్కింది. ఇక్కడ పుస్తకాలు కాలిపోకపోయినా చేతికి దక్కవు, మా ఊరి గ్రంథాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం బీరువాకు తాళం వేసి ఉంటుంది. చెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఠంచనుగా వసూలవుతుంది. డిగ్రీ పిల్లలేమో గైడులో బియోవుల్ఫ్ సారాంశం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతున్నారు. వాళ్లకు పేపరైనా సరైన మాట చెప్పాలి కదా! మీ సాహిత్యం పేజీ కూడా సగానికి సగం తగ్గిపోయింది, మిగిలిన సగాన్నైనా చదివి సరిదిద్దే మనిషి ఉండాలి.

బొమ్మకూ స్థలానికీ సవరణ వేయండి. వచ్చే వారాల్లో మాల్డన్ కావ్యానికి ఒక తెలుగు అనువాదం అచ్చువేస్తే ఇంకా సంతోషిస్తాను.

— ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్, తెనాలి