జర్మనీ అమ్మను సాగనంపిన అందరికీ

సాయిరాం. జర్మనీ అమ్మ అస్థికలు నిన్న సాయంత్రం చిత్రావతిలో కలిపేశాం. మొన్నటి వానలకు ఏట్లో కాసిని నీళ్లున్నాయి, అదొక అదృష్టం. ఫోన్లు చేసిన వాళ్లందరికీ విడివిడిగా జవాబిచ్చే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆమె మా మేడ మీద గదిలో అద్దెకుండేది. స్వామి (సత్యసాయి బాబా) ఉన్నప్పుడే పుట్టపర్తికి వచ్చింది. 2011లో స్వామి వెళ్లిపోయాక తోటివాళ్లు చాలామంది సామాన్లు సర్దుకుని పోయినా ఈమె కదల్లేదు. రిటైరైన టీచరు, పెళ్లి చేసుకోలేదు. అక్కడి పెన్షన్‌తోనే ఇక్కడ బతుకు. ఏటా జర్మనీ నుంచి ఒక ఫారం వచ్చేది. ఈ మనిషి ప్రాణాలతోనే ఉందని ఎవరో ఒక అధికారి స్టాంపు వేసి పంపాలి, లేకుంటే పెన్షన్ ఆగిపోతుంది. అది పట్టుకుని బ్యాంకుకు పోతూ "ఈ ఏడు కూడా పాస్" అని నవ్వేది. అక్కడి ఆరోగ్య బీమా ఇక్కడ చెల్లదు, ఇక్కడి పాలసీ ఆమెకు దొరకలేదు. అందుకే ఆస్పత్రి ఖర్చుకని ఒక ఎఫ్‌డీ వేసి, దాన్ని ముట్టుకోకుండా పెట్టుకుంది.

తన తర్వాత ఎవరూ తంటాలు పడకూడదని అన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టింది. పాస్‌పోర్టు, వీసా కాగితాల కాపీలు, జర్మనీలో ఉన్న మేనల్లుడి నంబరు, జర్మన్ కాన్సులేట్ (ఇక్కడున్న వాళ్ల ప్రభుత్వ కార్యాలయం) నంబరు, అన్నీ. వెంటిలేటర్ పెట్టొద్దు, ట్యూబులు వేయొద్దు అని ముందస్తు వైద్య నిర్దేశం కూడా రాయించింది. ఇది చాలామందికి తెలియదు. 2018లో సుప్రీంకోర్టు ఇలా రాసుకునే హక్కుందని చెప్పింది. 2023లో పద్ధతి కాస్త సులువు చేసింది. మేజిస్ట్రేటు దాకా పోనక్కర్లేదు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. చివరి పేజీలో పెద్ద అక్షరాలతో ఇంకొకటి రాసుంది: నన్ను ఇక్కడే కాల్చండి, చిత్రావతిలో కలపండి. వాళ్ల దేశంలో చాలాచోట్ల అస్థికలైనా సరే శ్మశానంలోనే పెట్టాలట. అది ఆమెకు నచ్చేది కాదు.

కోరుకున్నట్టే నిద్రలోనే పోయింది. వెంటిలేటర్ కాగితంతో అవసరమే పడలేదు. అసలు కష్టం అక్కడి నుంచే మొదలైంది.

విదేశీయులు చనిపోతే పోలీసులకు చెప్పాలి, వాళ్లు పైకి చెప్పాలి, కాన్సులేట్ నుంచి అభ్యంతరం లేదని లేఖ రావాలి, దానికి ముందు రక్తసంబంధీకుల సమ్మతి రావాలి. పోయింది శుక్రవారం రాత్రి. మేనల్లుడు పాపం ఏడుస్తూనే సంతకం పెట్టి మెయిల్ చేశాడు. కాన్సులేట్ వాళ్లు ఎమర్జెన్సీ ఫోన్లో మర్యాదగానే మాట్లాడారు. ఇక్కడే, ఒక ఆఫీసులో, "నువ్వు ఆమెకేమవుతావు?" అని అడిగారు. ఇంటి ఓనర్‌ని అన్నాను. "రక్తసంబంధమా?" కాదన్నాను. "అయితే పక్కన నిలబడమ్మా." ఆమె వచ్చినప్పుడు, ఇంట్లో విదేశీయులు దిగారని చెప్పే ఫారం సి 24 గంటల్లో నింపకపోతే తప్పు ఓనరుదే. పోయినప్పుడు మాత్రం ఓనరు ఎవరూ కాదు. 2022లో పుట్టపర్తి జిల్లా కేంద్రమై ఆఫీసులన్నీ నడిచిపోయే దూరానికి వచ్చాయి. కానీ ఏ కాగితం తర్వాత ఏ కాగితం కావాలో ఒక్క గోడ మీదా రాసి లేదు. ఇంతమంది విదేశీ ముసలివాళ్లున్న ఊళ్లో! మార్చురీలో పెడదామంటే అక్కడ ఫ్రీజర్ పనిచేయడం లేదన్నారు. కాగితాలు వచ్చేదాకా ఇంట్లోనే పెట్టుకోమన్నారు.

అప్పుడొచ్చాడు ఫ్రీజర్ బాక్సు బాడుగకిచ్చే అతను. కొత్తచెరువు వైపు మనిషి. పేరు రాయొద్దన్నాడు, రాయను. బాక్సు దించి, వైరు చూసి, అడ్వాన్సు తీసుకుని వెళ్లిపోయాడు. మామూలు బేరమే. అదే రాత్రి తెల్లవారుజామున కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఆ బాక్సును లాగలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతాడా అనుకుంటూనే చేశాను. ట్రాలీ ఆటోలో జనరేటర్ వేసుకుని వచ్చేశాడు. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోలేదు. జనరేటర్ అందుకోవడానికి సతాయిస్తోంది. ఆయన లోపలికొచ్చి, బాక్సు అద్దం మీద చెయ్యి పెట్టి, "అవ్వా, ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ, ఇప్పుడే సల్లగైతాది" అన్నాడు.

అప్పటిదాకా నేను ఏడవలేదు. ఫోన్లు, జిరాక్సులు, సంతకాలు, అదే లోకం. ఆ మాట విని వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. పగలంతా ఆఫీసుల్లో ఆమె "ఫారినర్ బాడీ". ఇతను ఆమెను బతికుండగా చూసింది లేదు. అవ్వా అన్నాడు!

"పిల్లోళ్లు లేరా అక్కా ఈయమ్మకు?" అని అడిగాడు. లేరన్నాను. ఇంకేం మాట్లాడకుండా తెల్లారేదాకా మెట్ల మీద కూచున్నాడు. ఆ తర్వాత రాత్రులు ఫోన్ చేయకుండానే వచ్చాడు. లెక్క కట్టమంటే మొదటి రోజు బాడుగ, డీజిల్ డబ్బులు అంతే. మిగతావి ఇవ్వబోతే కోపమొచ్చింది. "కాగితాలు రాకపోతే ఆయమ్మ తప్పా? ఆ రోజులకు నేనెట్ల తీసుకునేది?" అన్నాడు. పాడె పట్టడానికి నాలుగో మనిషి తక్కువైతే, పిలవకముందే వచ్చి భుజం పెట్టాడు. అన్నా, నువ్వు ఇది చదవవని తెలుసు. మీ అమ్మాయి చదివి వినిపిస్తుందని రాస్తున్నా.

మా ఆయన, తమ్ముడు, అత్తమ్మ, వాళ్ల గురించి ఏం రాయను, వాళ్లు ఎలాగూ ఉంటారు. ఇంటికొచ్చి చూసి సర్టిఫికెట్ రాసిచ్చిన డాక్టరుగారికి, జర్మన్ మెయిళ్లన్నీ ఓపిగ్గా ఇంగ్లీషులో చెప్పిన పక్క వీధి రష్యా ఆవిడకు, ఆదివారం షాపు తెరిచిన జిరాక్స్ అబ్బాయికి దండాలు. అయ్యో, అసలైన మనిషినే మరిచిపోయాను. మైల అంటుందని కొందరు వెనక్కి తగ్గితే ఆమెకు స్నానం చేయించి, తల దువ్వి, చీర కట్టింది ఆ బాక్సు అన్న భార్యే. అక్కా, క్షమించు, నీ పేరు కూడా అడగలేదు. స్టేషన్లో తన కుర్చీ ఇచ్చిన మహిళా కానిస్టేబుల్‌కు కూడా దండాలు.

మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించాలి, ఆ పని ఇంకా ఉంది. బ్యాంకు పని అంతకన్నా ఉంది. ఆమె వీల్‌చెయిర్, వాకర్, విప్పని మందులు మా వరండాలో ఉన్నాయి. కావాల్సినవాళ్లు వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేం వద్దు. మందులు మాత్రం చీటీ చూపిస్తేనే ఇస్తాను.